నల్లగొండ ఎండకు నిలిచే గిటార్‌ను వెతికి కొనడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు. నా మూడో గిటార్ పగిలింది కూడా ఆ కార్తెలోనే. అర్ధరాత్రి టప్పుమని శబ్దం వినిపించి లేచి చూస్తే, తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జి దగ్గర నుంచి అడుగు అంచు దాకా పైచెక్క మీద సన్నని గీత పడి ఉంది. ఏడాదిన్నర పాటు జీతంలో కొంత కొంత పక్కన పెట్టి కొన్న గిటార్ అది. దాన్ని ఒళ్లో పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. నాకు సరిపోయే గిటార్ దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది, అయిదు గిటార్లు చేతులు మారాయి. ఆ తొమ్మిదేళ్లలో ఆరేళ్లు కేవలం తెలియకపోవడం వల్ల పోయాయి. అవి మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ సాయంత్రాలు పాడుకోవడానికి గిటార్ కావాలనుకునేవారి కోసం ఇది. మీరు నల్లగొండలోనో సూర్యాపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉంటారనుకుంటున్నాను. పది గిటార్లు పక్కపక్కన పెట్టి వాయించి చూసుకునే పెద్ద దుకాణం మన ఊళ్లలో సాధారణంగా ఉండదు. గిటార్ బాగుచేసే నిపుణుడు కూడా దొరకడు. హైదరాబాద్ వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది. కాబట్టి ఆ ప్రయాణానికి ముందు ఇంట్లో చేయవలసిన పనే ఎక్కువ.

ముందు మీ చేతిలో ఉన్న గిటార్‌ను కొలవండి

ఇప్పటికే ఒక గిటార్ ఉండి, అది బాగా లేదని మార్చాలనుకుంటున్నారా? ఒక్క వారం ఆగండి. నా మొదటి గిటార్‌ను మా ఊళ్లోనే ఒక దుకాణంలో కొన్నాను. రెండు నెలల్లో వేళ్ల చివర్లు చిట్లి, ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలను నొక్కే పట్టు) పట్టలేక, నా చేతులే ఇందుకు పనికిరావేమోననుకున్నాను. తర్వాత తెలిసింది, దాని తీగలు ఫ్రెట్లకు దాదాపు 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయని. అంత ఎత్తులో ఎవరికైనా నొప్పి తప్పదు. గిటార్ చెడ్డది కాదు, దాన్ని సరిచేసినవారు లేరు. అది తెలియక సగం ధరకు అమ్మేశాను.

ఫ్రెట్ అంటే వీణకు మెట్టు లాంటిది. తీగకు, ఫ్రెట్‌కు మధ్య ఉన్న ఎత్తును యాక్షన్ అంటారు. దాన్ని కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు, మీ జేబులోని ఏటీఎం కార్డులు చాలు. ఒక కార్డు మందం సుమారు 0.76 మిల్లీమీటర్లు. గిటార్‌ను శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ మీద, అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ కింద కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి దూర్చండి. మూడు కార్డులు తీగను ఎత్తకుండా సరిగ్గా పడితే ఎత్తు 2.3 మిల్లీమీటర్లు. చాలా మంచి స్థితి అది. నాలుగు కార్డులు పడితే కొంచెం ఎక్కువ. నాలుగు పెట్టాక ఇంకా ఖాళీ కనబడితే మీ వేళ్ల నొప్పికి కారణం అదే. సన్నని ఒకటో తీగ కింద రెండు కార్డులు సులువుగా దూరి, మూడోది పట్టకపోతే బాగున్నట్టు.

ఎత్తు ఎక్కువగా ఉంటే మొదట మెడ వంపు చూడండి. ఒకటో ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, ఆరో తీగను 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మధ్యలో 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత ఖాళీ ఉందో చూడాలి. ఒక విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే సరిపోతుంది. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే, తీగల లాగుడుకు మెడ ముందుకు వంగిందన్నమాట. మామూలు లైట్ తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా బలంతో మెడను లాగుతాయి. దాన్ని తట్టుకోవడానికే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. పైచెక్క మధ్యలో ఉండే గుండ్రని రంధ్రం, అంటే సౌండ్ హోల్ లోపల నుంచి గానీ, తల దగ్గరున్న చిన్న మూత కింద నుంచి గానీ ఆలెన్ కీతో దాన్ని తిప్పవచ్చు. కుడివైపు పావు చుట్టు మాత్రమే తిప్పండి. మళ్లీ శ్రుతి చేసి, గంట ఆగి చూడండి. బిగుసుకుపోయి కదలకపోతే బలం వాడకండి.

మెడ సరిగా ఉండి కూడా ఎత్తు తగ్గకపోతే శాడిల్‌ను అరగదీయాలి. బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే తెల్లని పట్టీయే శాడిల్. ఈ పని మీరే చేసుకోవచ్చు, నేను ఇప్పటికి ఏడెనిమిది గిటార్లకు చేశాను. తీగలు వదులు చేసి తీసేయండి. ప్లయర్ పళ్లకు గుడ్డ చుట్టి శాడిల్‌ను నిట్టనిలువుగా పైకి లాగండి. 12వ ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటుంది కాబట్టి, అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలి. శాడిల్ పక్కభాగం మీద, అడుగు నుంచి తీసేయవలసినంత ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, నున్నని టైలు మీద 220 నంబరు సాండ్ పేపర్ పరిచి, అడుగు భాగాన్ని ముందుకూ వెనక్కూ నిదానంగా రుద్దండి. పైభాగం జోలికి వెళ్లవద్దు, దాని వంపు తీగలకు తగ్గట్టు చెక్కి ఉంటుంది. అడుగు ఒక పక్కకు వాలకూడదు, వాలితే స్వరం సన్నబడుతుంది. గీత కన్నా కొంచెం ముందే ఆపి, తీగలు ఎక్కించి, కొలిచి, చాలకపోతే మళ్లీ రుద్దండి. తీసేసిన ఎత్తును తిరిగి అతికించలేం. దుకాణంలో ఇంకో శాడిల్ దొరికితే కొని దాన్నే అరగదీయండి, పాతది అలాగే దాచుకోండి.

తీగలు కూడా మార్చండి. లైట్ అని అమ్మే సెట్టులో ఒకటో తీగ మందం 0.012 అంగుళం. వాయించేవారు దాన్ని 12 సెట్టు అంటారు. అది గట్టిగా అనిపిస్తే 11 గానీ 10 గానీ వేసుకోండి. లాగుడు తగ్గుతుంది, శబ్దం కూడా కొంత తగ్గుతుంది. నేర్చుకునేవారికి ఆ తేడా పెద్ద నష్టం కాదు. ఇవన్నీ చేశాక కూడా గిటార్ నచ్చకపోతే, అప్పుడు కొత్తదాని కోసం బయలుదేరండి.

ఒక పాటను ఎంచుకోండి

ఈ మార్గదర్శిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. వెతుకులాట మొదలైన రోజు నుంచి ముగిసే రోజు దాకా ప్రతి గిటార్ మీదా ఒకే పాట వాయించాలి. ఆ పాట మీకు కంఠతా వచ్చి ఉండాలి. వేళ్లతో మీటే భాగమూ, గట్టిగా కొట్టే భాగమూ రెండూ అందులో ఉండాలి. మీరు దాన్ని పాడగలగాలి. నేను ఒక బతుకమ్మ పాట పట్టుకున్నాను. మొదటి చరణం ఒక్కో తీగ మీటుతూ, తర్వాతిది చప్పట్ల నడకలో కొడుతూ వాయిస్తాను. దుకాణంలో చాలామంది కొత్త గిటార్ చేతికి రాగానే తమకు తెలిసిన ఏవేవో ముక్కలు వాయించేస్తారు. నేనూ అలాగే చేశాను. ఒక్కో గిటార్ మీద ఒక్కో పాట వాయిస్తే, మనకు నచ్చింది పాటో గిటారో తెలియదు.

మీ గొంతు ఏ శ్రుతిలో హాయిగా ఉంటుందో కూడా ఇంట్లోనే తేల్చుకోండి. నాది ఒకటిన్నర. అంటే సీ కార్డు పట్టి, ఒకటో ఫ్రెట్ మీద కేపో వేస్తే సరిపోతుంది. దుకాణంలో కూడా కేపో అక్కడే పెట్టి చూడాలి. కేపో లేకుండా నిండుగా మోగే గిటార్, కేపో పెట్టగానే పలచబడిపోవడం నేను రెండు మూడు సార్లు విన్నాను.

మన ఊళ్లలో మంచి గిటార్ ఎక్కడ వినవచ్చని అడుగుతారేమో. ఆదివారం చర్చికి వెళ్లండి. నల్లగొండలో గిటార్ చేతపట్టుకుని వాయించే యువకుల్లో చాలామంది అక్కడే కనబడతారు. ఆరాధన ముగిశాక అడిగితే ఆనందంగా చూపిస్తారు, ఒకసారి వాయించనిస్తారు. నేను డబ్బు ఖర్చు చేయకుండా వాయించి చూసిన మొదటి నాలుగు మంచి గిటార్లు అలా దొరికినవే.

ఆకారం: గొంతును మింగేయనిది చూసుకోండి

దుకాణాల్లో గిటార్లను 38, 39, 40, 41 అంగుళాలని పొడవు చెప్పి అమ్ముతారు. పెద్దవారు తీసుకునేవి ఎక్కువగా 40, 41. కానీ పొడవు కన్నా పొట్ట వెడల్పు, లోతు ముఖ్యం. అన్ని చోట్లా కనబడే వెడల్పాటి ఆకారాన్ని డ్రెడ్‌నాట్ అంటారు. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో ఒక సంగీత వాద్యాల దుకాణం కోసం దాన్ని తయారుచేసింది. 1906 నాటి బ్రిటిష్ యుద్ధనౌక పేరు దానికి పెట్టారు. పెద్ద శబ్దం కోసం పుట్టిన ఆకారం అది. కింది భాగం దాదాపు 40 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల లోతు. దానికన్నా చిన్న పరిమాణంలో ఓఎం అని, కాన్సర్ట్ అని రకరకాల పేర్లతో నడుము సన్నగా ఉండేవి వస్తాయి. వాటి వెడల్పు 38 సెంటీమీటర్లు, లోతు పదిన్నర దగ్గర ఉంటుంది.

నా రెండో గిటార్ డ్రెడ్‌నాట్ కన్నా కూడా పెద్దది. దాని మంద్ర స్వరాలు విని మురిసిపోయి తెచ్చుకున్నాను. మూడేళ్లు వాయించాను. కుడి భుజం నొప్పి పుట్టేది, అయినా అలవాటవుతుందనుకున్నాను. చాలా రోజుల తర్వాత ఒక మిత్రుడి చిన్న గిటార్ ఇంటికి తెచ్చి పాడుతుంటే, మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి, "ఈ గిటార్‌తో మీరు పాడే మాటలు వినబడుతున్నాయండి" అంది. పెద్ద గిటార్ మంద్ర స్వరాలు నా గొంతు ఉండే చోటే నిండిపోయేవి. పదిమందిలో పాడేవారికి, పలకల మోత, డప్పుల మోత మధ్య వాయించేవారికి డ్రెడ్‌నాట్ కావాలి. ఒంటరిగా గదిలో పాడుకునే సన్నని గొంతుకు నేను చిన్న పొట్ట గిటార్‌నే చెబుతాను.

కూర్చుని చూడండి. కుడి చేయి గిటార్ అంచు మీద ఆన్చినప్పుడు భుజం పైకి లేవకూడదు. మెడ వెడల్పు నట్ (తల దగ్గర తీగలు ఆనుకునే పట్టీ) దగ్గర చాలా గిటార్లకు 43 మిల్లీమీటర్లు. వేళ్లు లావుగా ఉన్నవారికి, వేళ్లతో మీటేవారికి 44 పైన ఉన్నది హాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు 52 ఉంటుంది, అది వేరే వాద్యమనే అనుకోండి. స్వరాన్ని స్పీకరుకు పంపే కరెంటు పికప్ చర్చిలోనో వేదిక మీదో వాయించేవారికి తప్ప అక్కర్లేదు. ఆ డబ్బు చెక్క మీద పెట్టండి.

చెక్క: మన ఎండకు ఏది

గిటార్ గొంతు ఎక్కువగా పైచెక్కలో ఉంటుంది. అది రెండు రకాలు. పలుచని పొరలు అతికించిన ప్లై ఒకటి, ఒకే చెక్కను కోసి చేసిన సాలిడ్ టాప్ మరొకటి. పైచెక్క ఎక్కువగా స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టుది. వెనుకా పక్కలకూ మహాగని, సాపెలీ, రోజ్‌వుడ్ వాడతారు. ఈ రోజ్‌వుడ్‌లో పేరున్నది మన దక్షిణాది అడవుల జిట్టేగే. బ్రెజిల్ చెక్క దొరకడం కష్టమయ్యాక, 1969లో మార్టిన్ కంపెనీ మన జిట్టేగికి మారింది.

సాలిడ్ టాప్‌ను గుర్తుపట్టడం తేలిక. సౌండ్ హోల్ అంచును దగ్గరగా చూడండి. పైన కనిపించే గీతలు అంచు మీదుగా కిందికి అలాగే దిగితే ఒకే చెక్క. మధ్యలో వేరే రంగు పొర కనబడితే ప్లై. కాగితం మీద "స్ప్రూస్ టాప్" అని మాత్రమే ఉంటే అది సాధారణంగా ప్లైయే. ఒకే చెక్క అయితే "సాలిడ్" అన్న మాట తప్పకుండా రాస్తారు. నేను ఆ ఒక్క మాట చదవక ఒకసారి మోసపోబోయాను.

సాలిడ్ టాప్ స్వరం లోతుగా ఉంటుంది, మెల్లగా తాకినా పలుకుతుంది. ఇక్కడే మన ఊరి సంగతి వస్తుంది. గిటార్ తయారుచేసే గదుల్లో గాలి తేమను 45 నుంచి 50 శాతం దగ్గర నిలుపుతారు. మే నెల మధ్యాహ్నం నా గదిలోని మీటరు 25 చూపిస్తుంది. ఆగస్టులో అదే మీటరు 80 దాటుతుంది. తేమ పోతే చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది. కుంచించుకోవడానికి చోటు లేకపోతే పగులుతుంది. నా మూడో గిటార్‌కు జరిగింది అదే. దాన్ని పగలంతా రేకుల గదిలో గోడకు వేలాడదీసి, సాయంత్రం కూలర్ ఎదురుగా వాయించేవాడిని. పగలు ఎండి, రాత్రి తడిసి, మళ్లీ ఎండి, పాపం ఎన్ని రోజులు తట్టుకుంటుంది?

అందుకే నా సలహా ఇలా ఉంటుంది. మీది రేకుల ఇల్లయినా, గిటార్ బయటే ఉంచి ఎప్పుడంటే అప్పుడు తీసుకోవాలనుకున్నా, పిల్లలు వాయించినా, మంచి ప్లై గిటార్ కొనండి. యమహా ఎఫ్310 లాంటివి దశాబ్దాలుగా మన దగ్గర చలామణిలో ఉన్నాయి, ఎండకు అంత సులువుగా లొంగవు. గిటార్‌ను పెట్టెలో పెట్టి తేమ చూసుకునే ఓపిక ఉంటే సాలిడ్ టాప్‌కు వెళ్లండి. యమహా ఎఫ్‌జీ800, ఫెండర్ సీడీ-60ఎస్, కోర్ట్ ఎర్త్ 100 ఆ తరగతివి. నేటి ధరల్లో పది వేల రూపాయల దాకా పెడితే మంచి ప్లై, పదిహేను నుంచి ఇరవై అయిదు వేల మధ్య సాలిడ్ టాప్ సుమారుగా దొరుకుతాయి. వెనుకా పక్కలూ కూడా ఒకే చెక్కతో చేసిన ఖరీదైన గిటార్‌ను మన ఊళ్లో ఉంచడానికి నేను ధైర్యం చేయను.

దుకాణానికి వెళ్లే రోజు

ఆదివారం వద్దు. మామూలు రోజున పొద్దున్నే బస్సెక్కి, దుకాణం తెరిచిన గంటలోపు అక్కడుండండి. ఆబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ వైపు మధ్యాహ్నం దాటితే రోడ్డు మోతలో సన్నని స్వరం వినబడదు. సంచిలో మీ పిక్ (తీగలు మీటే పలుచని బిళ్ల), కేపో, ట్యూనర్ యాప్ ఉన్న ఫోను, నాలుగు కార్డులు, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక మిత్రుణ్ణి తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

మొహమాటపడకండి. నేను చాలాకాలం దుకాణంలో పది నిమిషాలు కాగానే వాళ్లేమనుకుంటారోనని కొనేసేవాణ్ణి. చివరిసారి ముందే చెప్పాను: "అన్నా, నల్లగొండ నుంచి వచ్చాను. ఇవాళ కొనకపోవచ్చు, కానీ గంటసేపు వాయించి చూడాలి." ఆయన స్టూలు జరిపి, "అంత దూరం నుంచి వచ్చావు, నిదానంగా చూసుకో తమ్ముడూ" అన్నాడు. ముందే చెబితే చాలామంది అలాగే అంటారు.

ప్రతి గిటార్‌ను మొదట మీరే శ్రుతి చేయండి. తర్వాత కళ్లతో చూడండి. తల వైపు నుంచి మెడ వెంట చూస్తే రెండు అంచులూ మెలిక లేకుండా నిటారుగా సాగాలి. నా నాలుగో గిటార్ పెట్టెలో ఇంటికి వచ్చింది. మెడ మెలితిరిగి ఉంది, తిప్పి పంపడానికి ఇరవై రోజులు తిరిగాను. ఫ్రెట్ల చివరల మీద అరచేతిని జార్చండి, గుచ్చుకుంటే చెక్క ఎండిపోయిందని అర్థం. బ్రిడ్జి అంచు కిందికి కాగితం దూరకూడదు. శాడిల్ బ్రిడ్జి పైకి కనీసం 3 మిల్లీమీటర్లు కనబడాలి. శాడిల్ అప్పటికే అణిగి ఉండి తీగలు ఇంకా ఎత్తుగా ఉంటే ఆ గిటార్‌ను వదిలేయండి. మెడ కోణమే తప్పింది, దాన్ని సరిచేయాలంటే మెడ విప్పాలి.

తర్వాత ఒక్కో తీగ మీద ఒకటి నుంచి 14వ ఫ్రెట్ దాకా ప్రతి స్వరాన్నీ మీటండి. ఆరు తీగలకు 84 స్వరాలు, అయిదు నిమిషాల పని. ఎక్కడైనా జరజర వినబడినా, స్వరం పుట్టగానే చచ్చిపోయినా నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత 12వ ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటితే గంట లాంటి స్వరం వస్తుంది. అక్కడే నొక్కి మీటిన స్వరంతో దాన్ని ట్యూనర్‌లో పోల్చండి. రెండూ ఒకటే కావాలి, ట్యూనర్ చూపే నాలుగైదు సెంట్ల (ఒక ఫ్రెట్ తేడాలో నూరో వంతు ఒక సెంటు) తేడా ఫరవాలేదు. వీణలో 24 మెట్లను మైనంలో నిలుపుతారు, స్వరం తప్పితే మైనం కరిగించి మెట్టును జరుపుతారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టి ఉంటాయి. స్వరం తేడాను శాడిల్ దగ్గర కొంత సరిచేయవచ్చు, మెట్టు మాత్రం కదలదు. అందుకే ఈ పరీక్ష అక్కడే చేయాలి.

ఇప్పుడు మీ పాట. ఒకసారి వేళ్లతో, ఒకసారి పిక్‌తో, ఒకసారి పాడుతూ. దుకాణంలోని తీగలు తరచుగా తుప్పు పట్టి ఉంటాయి, మంచి గిటార్‌ను కూడా మూగదాన్ని చేస్తాయి. వెతికి వెతికి రెండు గిటార్ల దగ్గర ఆగాక, అక్కడే ఒకే రకం తీగల సెట్లు రెండు కొని రెంటికీ వేయమని అడగండి. ఆ కొద్ది వందల ఖర్చు గురించి ఆలోచించకండి. తీగలు ఎక్కాక మీ మిత్రుడు వాయిస్తుంటే రెండు మీటర్ల దూరంలో నిలబడి వినండి. గిటార్ స్వరం ముందుకు వెళుతుంది, ఒళ్లో పెట్టుకున్నవారికి వేరుగా వినబడుతుంది. ఆఖరున వీపు తిప్పి నిలబడి, ఏది ఏదో చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి నాలుగైదు సార్లు వాయించమనండి. ప్రతిసారీ నచ్చినదాన్ని వేలు చూపి చెప్పండి. ఖరీదు, పేరు, రంగు అన్నీ అప్పుడు పక్కకు పోతాయి. నేను అలా విన్న రోజు, మనసులో ముందే నిర్ణయించుకున్న గిటార్‌ను ఒక్కసారి కూడా ఎంచుకోలేదు. ఆ రోజు ఏదీ కొనకుండానే ఇంటికొచ్చాను.

ఏ నెలలో కొంటున్నారో కూడా గుర్తుంచుకోండి. ఎండాకాలంలో పైచెక్క కిందికి అణుగుతుంది, తీగలు దిగుతాయి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి. మేలో మూడు కార్డులు పట్టిన గిటార్‌కు ఆగస్టులో నాలుగు పడితే కంగారుపడవద్దు. ఆగస్టులో మరీ కిందికి ఉన్న గిటార్ మాత్రం మేలో జరజరమంటుంది.

వాడిన గిటార్లు

నాకు చివరికి దొరికినది మిర్యాలగూడలో. చర్చిలో పరిచయమైన ఒక అబ్బాయి చెబితే తెలిసింది. అమ్మేవారు ఉద్యోగం వచ్చి దూరం వెళుతున్నారు. ఓఎం ఆకారం, స్ప్రూస్ సాలిడ్ టాప్, ప్లై వెనుకభాగం. పిక్‌గార్డు పక్కన రెండు గీతలు, అంచున ఒక సొట్ట. పైన చెప్పిన పరీక్షలన్నీ వారి వరండాలోనే చేశాను. నాలుగు కార్డులు పట్టాయి, శాడిల్ చాలా ఎత్తుగా ఉంది, అంటే తగ్గించుకోవడానికి చోటుంది. బతుకమ్మ పాట రెండో చరణంలో ఉండగా లోపలి నుంచి వారి అమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడి మిగతా పాట నాతో కలిసి పాడారు. ఆమె గొంతూ నా గొంతూ గిటార్ స్వరం మీద విడివిడిగా వినబడ్డాయి. బేరం ఆడలేదు.

వాడినదాన్ని చూసేటప్పుడు ఫోన్ టార్చి సౌండ్ హోల్ లోపల పెట్టి, లోపలి బద్దెలు ఊడి ఉన్నాయేమో చూడండి. వేలితో పైచెక్కను అక్కడక్కడా తట్టండి, ఊడిన చోట గలగలమంటుంది. బ్రిడ్జి వెనుక కొంచెం ఉబ్బు మామూలే, ఎక్కువైతే వద్దు. ఫ్రెట్ల మీద తీగల కింద లోతైన గాడులు పడి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమనండి. గీతలు, సొట్టలు స్వరాన్ని ఏమీ చేయవు.

ఇంటికి తెచ్చాక

బస్సులో డిక్కీలో వేయకండి, పక్కన గానీ మోకాళ్ల మధ్య గానీ నిలబెట్టుకోండి. తీగలను ఒక స్వరం మేరకు వదులు చేస్తే చాలు. ఎండలో నిలిపిన కారులో గంటసేపు కూడా వదలకండి, వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడి ఊడుతుంది. ఇంటికి చేరాక పెట్టెను వెంటనే తెరవకుండా, గది వేడికి అలవాటయ్యేదాకా రెండు మూడు గంటలు ఉంచండి.

కొన్ని వందల రూపాయలకు తేమ మీటరు వస్తుంది, గిటార్ పెట్టెలో పెట్టుకోండి. ఎండాకాలంలో అది 40 కిందికి దిగితే, ఒక ప్లాస్టిక్ సబ్బు పెట్టెకు పైన రంధ్రాలు చేసి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్కను అందులో పెట్టి గిటార్ తల పక్కన ఉంచండి. చుక్క నీరు కూడా కారకూడదు. మేలో నేను రెండు రోజులకొకసారి తడుపుతాను. వానాకాలంలో స్పాంజి తీసేసి, బదులుగా సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. గోడకు వేలాడదీయడం పూర్తిగా మానేశాను. కూలర్ ఉన్న గదిలో పెట్టె మూసే ఉంచుతాను.

మిర్యాలగూడ గిటార్‌కు నేను రెండు శాడిళ్లు చేసుకున్నాను. ఒకటి ఎండాకాలానికి, కొంచెం ఎత్తు. ఇంకొకటి అర మిల్లీమీటరు తక్కువ, అది వానలకు. వాటి అడుగున పెన్సిల్‌తో "ఎండ", "వాన" అని రాసి ఉంటాయి. వాన శాడిల్ పిక్‌ల డబ్బాలో ఉంటుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు మంచి వానలు పడ్డాక, ఒక ఆదివారం పొద్దున తీగలు మార్చేటప్పుడు దాన్ని తీసి ఎక్కిస్తాను.